నోటి పనికి మాట ఏది? తెలుగు ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక మనవి



ధర్మపురి జిల్లాలోని మా పిక్కిలి ప్రాంతంలో వేపపండ్లు రాలే రోజులవి. అయిదవ తరగతి పిల్లలకు తెలుగు పాఠం చెబుతుండగా కిటికీ అవతలి వేపచెట్టు మీద ఒక పిట్ట వచ్చి వాలింది. నల్లని తల, తలపై చిన్న కుచ్చు, తోక క్రింద ఎర్రని మచ్చ. పికిలిపిట్ట. ఊరి పేరు, పిట్ట పేరు దగ్గరగా వినబడడం వలన మా పిల్లలకు దాని మీద కొంత మమకారం ఎక్కువ. పాఠం ఆపి అడిగాను: "ఆ పిట్ట పండును దేనితో పట్టుకొన్నది?"

"అలగుతో సార్" అన్నారు. తమిళంలో పక్షి ముక్కును అలగు అంటారు. జవాబు సరియైనదే, మాట మాత్రం పొరుగుభాషది. "ఇప్పుడేమి చేస్తున్నది?" అని అడిగాను. "తింటా ఉంది" అన్నారు. గోడ ప్రక్కన మేకను చూపించాను. "తింటా ఉంది." కుక్క? "తింటా ఉంది." గోడ మీది బల్లి? "అదీ తింటా ఉంది సార్." తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆ పిల్లల అవ్వలు ఇంకా ఇళ్లలోనే ఉన్నారు. వారిని అడిగి చూడండి. ఆవు మేస్తుంది, నెమరు వేస్తుంది. దూడ పాలు కుడుస్తుంది. కుక్క గతుకుతుంది. పిల్లి నాకుతుంది. కోడి ఏరుకొంటుంది, పొడుచుకొని తింటుంది. ఎలుక కొరుకుతుంది. పాము మింగుతుంది. దోమ పీలుస్తుంది. గద్ద చీలుస్తుంది. ఒక్కొక్క క్రియలో ఒక్కొక్క నోటి నిర్మాణం ఇమిడి ఉంది. అవ్వ వద్ద పది మాటలున్న చోట మనవడి వద్ద ఒక్క మాట మిగిలింది. మాటతో పాటు ఆ మాట చూపించే తేడా కూడా వాని కంటికి కనబడడం మానివేసింది. నా బాధ అది.

కావున ఈ వ్యాసంలో నేను చేయదలచిన మనవి ఒక్కటే. మన చేతికి మిగిలిన తెలుగు పీరియడులో జంతువుల నోళ్లను గూర్చి చదివించండి. ఏ జీవి నోరు ఎట్లున్నది, అది దేనిని తింటున్నది, ఎట్లు పట్టుకొంటున్నది, ఆ పనికి తెలుగులో మాట ఏది అని పిల్లలతో వెదకించండి. ఇది విజ్ఞానశాస్త్రం వారి పని, మనకెందుకు అనకండి. మాట వెదకుట భాషోపాధ్యాయుని పనియే.

ముందుగా ఇంటి ముంగిట నుండే మొదలుపెడదాం. ఆవు నోటిలోకి చూడండి. పైదవడ ముందుభాగంలో పండ్లు ఉండవు, గట్టిపడిన చిగురు దిండు ఉంటుంది. క్రింద మాత్రం 8 ముందుపండ్లు ఉంటాయి. అందువలన అది గడ్డిని మనవలె కొరకలేదు. పొడవైన గరుకు నాలుకను గడ్డి చుట్టూ త్రిప్పి, లోనికి లాగి, క్రింది పండ్లను దిండుకు అదిమి తెంపుతుంది. గొర్రెకూ, మేకకూ పండ్ల అమరిక ఇదే. తేడా పెదవులలో ఉంది. గొర్రె పై పెదవి నడుమ చీలిక ఉండుట వలన నోరు నేలకు బాగా దగ్గరగా ఆనుతుంది, గడ్డిని మొదలంటా తీసివేస్తుంది. గొర్రెలు మేసి పోయిన బీటిలో ఆవు నాలుకకు చిక్కేంత గడ్డి మిగలదని కాపరులకు తెలుసు. మేక పెదవులు చురుకైనవి. ముండ్ల నడుమ నుండి కూడా ఆకును ఏరుకొంటుంది, ముందుకాళ్లెత్తి కొమ్మను అందుకొంటుంది. ఒకే మందలో మూడు రకాల నోళ్లు, మూడు రకాల మేత. మూడింటికీ "తింటా ఉంది" అని ఊరుకొంటే పాఠమంతా పోయినట్లే.

పక్షుల దగ్గరికి వస్తే, మన పూర్వులు పేరు పెట్టుటలోనే పాఠం చెప్పి పోయారు. నత్తగుల్ల కొంగను చూడండి. పెద్దదైన కొంగ ముక్కు మూసినా నడుమ సందు కనబడుతుంది. నత్తను పట్టుకొని లోపలి మెత్తని శరీరాన్ని లాగుటకు ఆ ముక్కు పనికివస్తుంది. పిల్ల కొంగలకు ఆ సందు ఉండదు, ఎదిగే కొద్దీ ఏర్పడుతుంది. తెడ్డుమూతి కొంగ ముక్కు చివర తెడ్డువలె చదునై ఉంటుంది. నోరు కొద్దిగా తెరచి నీటిలో అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది, మూతికి చేప తగిలిన వెంటనే మూసివేస్తుంది. గూడబాతు క్రింది దవడకు వ్రేలాడే సంచి, పూర్వం పొలానికి నీరు చేదే గూడను తలపిస్తుంది. చేపలతో పాటు నీటిని ముంచుకొని, నీరు వదలివేసి, చేపను మింగుతుంది. వడ్రంగి పిట్ట ముక్కు ఉలి. తొలిచిన రంధ్రంలోని పురుగును బయటికి లాగే దాని నాలుక ఎంత పొడవనగా, ఆ నాలుకకు ఆధారమైన ఎముక పుర్రె వెనుక నుండి చుట్టుకొని వస్తుంది. తేనెపిట్ట ముక్కు వంగిన సూది. చిలుక ముక్కు అడకత్తెర. తెడ్డు, గూడ, ఉలి, సూది, అడకత్తెర అన్నీ మన ఇంటి, మన పొలపు పనిముట్లే. ఈ పేర్లు నేర్పితే పక్షిశాస్త్రమూ వచ్చింది, కనుమరుగవుతున్న పనిముట్ల పేర్లూ నిలిచినవి.

అవకాశం ఉన్నవారు పిల్లలను పులికాట్ సరస్సుకు తీసుకొని వెళ్లండి. అది తమిళనాడుకూ ఆంధ్రప్రదేశ్‌కూ ఉమ్మడి సరస్సు. మన వంటి సరిహద్దు వాసులకు తగిన తరగతి గది. శీతాకాలంలో అక్కడ దిగే ఫ్లెమింగోలు తల తలక్రిందులుగా ముంచి తింటాయి. నాలుకను లోనికీ వెలుపలికీ ఆడించి నీటిని తోడుతూ, ముక్కు అంచులలోని సన్నని పళ్లెరల గుండా వడగట్టి చిన్న జీవులను మింగుతాయి. అది జల్లెడ ముక్కు. దగ్గరలోనే ఉన్న నేలపట్టులో గూడబాతులను చూపవచ్చును. ఒకే నీటిలో ఒకటి జల్లిస్తున్నది, ఒకటి ముంచుతున్నది, ఒడ్డున కొంగ పొడుస్తున్నది. మూడు క్రియలు కన్నుల ఎదుటనే.

అంత దూరం పోలేనివారికి మా జిల్లాలోనే హొగెనకల్ ఉంది. పుట్టి ఎక్కి కావేరిలో తిరిగిన పిల్లలు ఒడ్డున అమ్మే చేపలను కూడా చూస్తారు. చేప నోరు పైకి తిరిగి ఉన్నదా, ఎదురుగా ఉన్నదా, క్రిందికి ఉన్నదా అని అడగండి. ఈ ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గాని, కృష్ణా గోదావరి ప్రాంతాల చేపల చెరువుల లెక్క దీని మీదనే నిలిచి ఉంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైభాగాన తింటుంది. శీలావతి అనబడే రోహు నడిమి నీటిలో తింటుంది. ఎర్రమోసు నోరు క్రిందికి ఉంటుంది, అది అడుగున తింటుంది. మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచగలుగుటకు కారణం, ఒకదాని మేతకు మరొకటి అంతగా పోటీ పడకపోవుటయే. చేప నోటిని చదువగలిగిన రైతు చెరువును మూడంతస్తుల ఇల్లుగా వాడుకొంటున్నాడు.

ఇక నాకు అన్నిటికంటె ముఖ్యమనిపించే విషయం పురుగుల నోళ్లు. ఇది మా తల్లిదండ్రుల సంపాదనకు సంబంధించినది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో మామిడి, టమాట పండించే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పంటను పాడుచేసే పురుగులలో ప్రధానంగా రెండు రకాల నోళ్లున్నాయి. ఒకటి నమిలే నోరు. గొంగళి పురుగు, కాయతొలుచు పురుగు, మిడుత ఈ కోవలోనివి. వీటికి కత్తెరవలె ఎదురెదురుగా కదిలే దవడలుంటాయి. రెండవది గుచ్చి పీల్చే నోరు. మామిడి పూతను మాడ్చే తేనెమంచు పురుగు, టమాటలో ఆకుముడుత తెగులును వ్యాపింపజేసే తెల్లదోమ ఇటువంటివి. వీటి నోరు సూది. ఆకు పైభాగాన్ని కొరకవు, లోపలి రసాన్ని లాగుతాయి.

ఈ తేడా తెలియకపోతే ఏమి నష్టమని అడుగుతారా? ఆకు పైన పూతగా నిలిచి, కడుపులోనికి పోతే గాని పనిచేయని మందు ఆకును నమిలే పురుగును చంపుతుంది. సూదిని ఆకు లోపలికి దించిన పురుగు ఆ పూతను తినదు. దానికి రసంతో పాటు మొక్క అంతటా ప్రాకే మందో, ఒంటికి తగిలితే చంపే మందో కావాలి. ఒకసారి మా విద్యార్థి తండ్రి ఒకరు, ఆకులు ముడుచుకుపోయిన టమాట మొక్కకొమ్మను బడికి తెచ్చి, రెండుసార్లు మందు కొట్టినా ఫలితం లేదని చెప్పారు. ఆకులలో ఒక్క రంధ్రమూ లేదు. ఆకును త్రిప్పి చూస్తే అడుగున తెల్లదోమ. ఆయన కొట్టినది ఆకు తినే పురుగు మందు. ఆకులో రంధ్రాలు ఉన్నవా, ఆకు ముడుచుకొన్నదా అని ముందుగా చూడుట, ఆ గుర్తును బట్టి ఇది నమిలే నోరా పీల్చే నోరా అని పోల్చుకొనుట అయిదవ తరగతి పిల్లవానికి నేర్పదగిన విద్య. ఏ మందు, ఎంత అనునది వ్యవసాయ అధికారిని అడిగి తెలుసుకోవాలి. ప్రశ్న సరిగా అడుగుటకు మాత్రం మాట కావాలి. "రసం పీల్చే పురుగు" అన్న చక్కని తెలుగు మాట మన రైతుల నోట ఇప్పటికే ఉంది. దానిని బడిలోనికి పిలవవలసినది మనమే.

ఒకే జీవి తన జీవితంలో నోరు మార్చుకొనుట కూడా పిల్లలకు ఆశ్చర్యం కలిగించే సంగతి. గొంగళిపురుగుగా ఆకు నమిలినదే సీతాకోకచిలుకయై చుట్టుకొనే సన్నని గొట్టంతో తేనె పీలుస్తుంది. మా ప్రాంతంలో పట్టుగూళ్లు పండించే ఇండ్లు ఉన్నాయి. పట్టుపురుగు మల్బరీ ఆకును రేయింబవళ్లు నములుతుంటే వాన చినుకుల చప్పుడు వినబడుతుంది. గ్రుడ్డు నుండి వచ్చిన నాటి బరువుకు సుమారు 10,000 రెట్లు పెరుగుతుంది. గూటిలోనుండి వెలువడిన చిలుక మాత్రం ఏమీ తినదు, తినగల నోరు దానికి లేదు. గ్రుడ్లు పెట్టి మరణిస్తుంది. ఇక దోమను చూడండి. కుట్టేది ఆడదోమ మాత్రమే. మనకు ఒక్క సూదిగా తోచే దాని తుండంలో ఆరు సన్నని సూదులు ఒక ఒరలో ఇమిడి ఉంటాయి. ఇంటి ఈగకు సూదీ లేదు, నమిలే దవడా లేదు. ఉమ్మిని వదలి, ఆహారాన్ని కరిగించి, మెత్తని అద్దుడు మూతితో పీలుస్తుంది. ఈగ వాలిన వంటకాన్ని ఎందుకు తినరాదో చెప్పుటకు ఇంతకంటె మంచి పాఠం ఏమున్నది?

ఇక్కడ పారిభాషిక పదాల విషయం ఎత్తక తప్పదు. ఉపాధ్యాయ శిక్షణలో నేను కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని వల్లించి పరీక్ష వ్రాశాను. మనిషికి అవి వరుసగా 8, 4, 8, 12, మొత్తం 32 అనీ తెలుసు. అద్దం ముందు నిలబడి నా నోటిలో వాటిని చూచుకొన్నది మాత్రం ఉద్యోగంలో చేరిన ఎన్నో ఏండ్లకు, ఒక పిల్లవాడు "కోరపన్ను ఏది సార్?" అని అడిగినప్పుడు. ఆ పదాలను నేను తక్కువ చేయుట లేదు. అవి కావాలి. కాని ముందుగా ముందుపండ్లు, కోరపండ్లు, దవడపండ్లు రావాలి. చూచుట ముందు, ఇంటి మాట తరువాత, పుస్తకపు మాట ఆ పిమ్మట. ఈ వరుస తలక్రిందులైనందువలననే పిల్లలకు తెలుగులో శాస్త్రం కొరకరాని కొయ్య అయింది. ఆ కష్టానికి కారణం భాష కాదు, మన వరుస.

మరొక జాగ్రత్త కూడా అవసరం. "చేపలను పట్టుటకు కొంగ పొడవైన ముక్కు పెంచుకొన్నది" అని మనం తేలికగా అనేస్తాం. ఇది శాస్త్రరీత్యా తప్పు. ఏ పక్షీ కోరుకొని ముక్కు పెంచుకొనలేదు. పసిఫిక్ సముద్రంలోని గాలపాగస్ దీవులలో పీటర్ గ్రాంట్, రోజ్‌మెరీ గ్రాంట్ దంపతులు పిచ్చుక వంటి చిన్న పక్షుల ముక్కులను ఏండ్ల తరబడి కొలిచారు. 1977లో డాఫ్నీ మేజర్ దీవిలో కరువు వచ్చింది. చిన్న గింజలు తరిగిపోయి గట్టి గింజలు మిగిలినవి. వాటిని పగులగొట్టగల పెద్ద ముక్కు పక్షులే ఎక్కువగా బ్రతికాయి, వాటి సంతానానికి కూడా సగటున ముక్కు పెద్దదైంది. "పెంచుకొన్నది" కాదు, "ఉన్నవాటిలో తగినవి మిగిలినవి" అని చెప్పాలి. ఒక్క క్రియాపదం మారితే శాస్త్రమే మారిపోతుంది. ఈ సంగతిని భాషోపాధ్యాయుడు కాక ఎవరు పట్టించుకొంటారు? అట్లే పాము నోరు పాలు త్రాగుటకు ఏర్పడినది కాదు. క్రింది దవడ రెండు సగాలూ ఎముకగా అతుకుకొనక విడివిడిగా కదులుట వలన తన తలకంటె పెద్ద ఎరను కూడా నమలకుండా మింగగలదు. పండుగను పండుగగా చేసుకొందాం, పాము నోటిని మాత్రం ఉన్నది ఉన్నట్లు చెబుదాం.

నా మాటకు వచ్చే ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతిగా 2015–16 నాటికి పదవ తరగతి వరకు తమిళం నిర్బంధ పాఠ్యమైంది. ఉన్న నేల భాష నేర్చుకొనుట మన పిల్లలకు మేలే, అందులో నాకు సందేహం లేదు. అయితే తెలుగుకు దక్కిన సమయం తగ్గింది. "ఉన్న కొద్ది సమయంలో వర్ణమాలా, గుణింతాలూ, పద్యాలూ చెప్పాలా, మేక పెదవులు చెప్పాలా?" అని మిత్రులు అడుగుతారు. సమయం తక్కువ కావుననే చెప్పమంటున్నాను. పద్యమూ పండుగా మాత్రమే తెలుగులో ఉండి, పొలమూ పశువూ పురుగూ మందూ మరొక భాషలోకి పోతే, తెలుగు పెట్టెలో దాచిన పట్టుచీర అవుతుంది. దానిని ఏడాదికి ఒకసారి కడతారు, చివరకు మడతల మీద చినుగుతుంది. గుణింతం కూడా నోళ్లతోనే నేర్పవచ్చును. కొరుకు, చీల్చు, జుర్రు, నములు, పీల్చు, మింగు అని పలక మీద వ్రాయించండి.

"రేపు పిల్లలు శాస్త్రాన్ని ఇంగ్లీషులోనే కదా చదువుతారు?" అని తల్లిదండ్రులు అడుగుతారు. చదవనివ్వండి. నమిలే నోటికీ పీల్చే నోటికీ గల తేడాను ఇంటి భాషలో ఒకసారి కన్నులతో గ్రహించిన పిల్లవానికి ఇంగ్లీషు పదం ఒక క్రొత్త పేరు మాత్రమే. గ్రహించని వానికి అది మరొక బరువు. తమిళంతో పోల్చి చెప్పుట కూడా లాభమే. మన పల్లు వారికి పల్, మన మేయుట వారికి మేయ్, మన ముక్కు వారికి మూక్కు. తెలుగులో ముక్కు మనిషికీ పక్షికీ ఒకటే, తమిళంలో పక్షికి అలగు వేరు. ఆ రోజు "అలగుతో" అన్న పిల్లలను నేను మందలించలేదు. రెండు మాటలనూ పలక మీద ప్రక్క ప్రక్కన వ్రాయించాను.

ఆచరణకు ఒక చిన్న పద్ధతి చెబుతాను. పిల్లల చేత నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయించండి: జీవి, నోటి ఆకారం, ఆహారం, క్రియ. వారానికి మూడు జీవులు చాలును. మూడవ, నాలుగవ గడులను ఇంటి పెద్దలను అడిగి నింపమనండి. అవ్వ చెప్పిన మాట నిఘంటువులో లేకపోయినా వ్రాయమనండి. ఉడుత, కాకి, చీమ, సాలెపురుగు, కప్ప, దున్న, ఏదైనను సరే. దూరం నుండి చూచుట మాత్రమే, పాము జోలికీ కుక్క నోటి జోలికీ పోరాదని గట్టిగా చెప్పండి. తల్లిదండ్రులు చేయవలసినది ఇంకా తేలిక. పిల్లవాడు వచ్చి "అవ్వా, మేక ఏం చేస్తా ఉంది?" అని అడిగినప్పుడు, విసుగుకొనక మీకు తెలిసిన మాట చెప్పండి. మీరు చెప్పకపోతే ఆ మాట మరెక్కడా దొరకదు.

మా తరగతిలో ఈ పట్టిక ప్రారంభించిన మూడవ వారం ఒక బాలిక నాలుగవ గడిలో "లేగదూడ – చీకుతుంది, కుడుస్తుంది" అని రెండు మాటలు వ్రాసి తెచ్చింది. "రెండెందుకమ్మా?" అన్నాను. "అవ్వ ఒకటి చెప్పింది, తాత ఒకటి చెప్పినాడు. ఇద్దరూ పోట్లాడుకొన్నారు సార్" అన్నది. ఆ ఇంటిలో ఒక సాయంకాలం తెలుగు మాట కోసం పోట్లాట జరిగింది. బడి నుండి ఇంతకంటె నేను కోరుకొనేది లేదు.

మీ ఊరి పిల్లల పట్టికలో ఏయే క్రియలు వచ్చాయో నాకు తెలియజేయగలరు. సెలవు.